రొద చేసిన మేలు

కొన్ని శాస్త్రభావనలు పుట్టింటి కంటే మెట్టినింట ఎక్కువ రాణిస్తాయి. ‘స్టొకాస్టిక్ రెజొనెన్స్’ అటువంటిది.

1981లో ఇటలీ శాస్త్రజ్ఞులు రాబర్టో బెంజీ, ఆల్ఫోన్సో సుటేరా, ఆంజెలో వుల్పియానీ దీనిని ప్రతిపాదించారు. మరుసటి ఏడు జార్జియో పరీసీతో కలిసి హిమయుగాలకు అన్వయించారు. సుమారు లక్ష సంవత్సరాలకొకసారి హిమయుగం రావడానికి భూకక్ష్యలోని మార్పు ఒక్కటే చాలదు. అది మరీ బలహీనం. వాతావరణంలోని యాదృచ్ఛికమైన ఒడిదొడుకులు దానికి తోడై ఆ కొరత తీరుస్తాయని వారి వాదం. హిమయుగాల విషయంలో ఆ వివరణ సర్వామోదం పొందలేదు. భావన మాత్రం నిలిచింది.

దాని సారాంశం చెరువు అలుగు దగ్గర తెలుస్తుంది. నీరు అలుగుకు బెత్తెడు దిగువన ఉంటే చుక్క కూడా పొర్లదు. గాలికి అలలు లేస్తే కొంత పొర్లుతుంది. మట్టం పెరిగిన వేళ ఎక్కువగా, తగ్గిన వేళ తక్కువగా. అలుగు అవతల ఉన్నవాడికి మట్టం హెచ్చుతగ్గులు అలా తెలుస్తాయి. తుఫాను వస్తే ఎప్పుడూ పొర్లుతూనే ఉంటుంది, ఏమీ తెలియదు. నాడీకణానికీ అటువంటి అలుగు ఉంది. ప్రేరణ ఆ హద్దు దాటితేనే అది స్పందిస్తుంది.

ఈ పోలిక జీవకణంలో నిజమేనని 1993లో తేలింది. అమెరికాలో ఫ్రాంక్ మాస్ బృందం రొయ్యను పోలిన క్రేఫిష్ తోక మీది స్పర్శరోమాలను పరీక్షించింది. నీటిలోని బలహీనమైన కదలికకు కొంత రొద కలిపినప్పుడు నాడి దానిని మరింత స్పష్టంగా పట్టుకుంది. రొద మితిమీరితే ఆ స్పష్టత పోయింది. అయితే నాడి గుర్తించినంత మాత్రాన ప్రాణికి ప్రయోజనం కలిగినట్టా? 1999లో పాడిల్‌ఫిష్ దీనికి జవాబిచ్చింది. తెడ్డు వంటి మూతితో విద్యుత్ సంకేతాలను పసిగట్టి నీటిలోని చిన్న చిన్న జీవులను తినే చేప అది. నీటిలో తగుమాత్రం విద్యుత్ రొద కల్పిస్తే, మరింత దూరాన ఉన్న ఆహారాన్ని కూడా పట్టుకోగలిగింది.

చివరకు ఈ భావన మనిషి పాదాల దగ్గరకు వచ్చింది. వయసుతో అరికాళ్ల స్పర్శ మందగిస్తుంది. వృద్ధులు తూలిపడటానికి అదొక కారణం. 2003లో జేమ్స్ కాలిన్స్ బృందం 15 మంది యువకులనూ 12 మంది వృద్ధులనూ ప్రకంపించే మెత్తల మీద నిలబెట్టింది. ఆ ప్రకంపన వారికి తెలియనంత స్వల్పం. అయినా శరీరపు ఊగిసలాట తగ్గింది, వృద్ధులలో మరింతగా. పడిపోవడాలు తగ్గాయని ఆ ప్రయోగం చెప్పలేదు, నిలకడ పెరిగిందని మాత్రమే చెప్పింది. లక్ష ఏళ్ల మంచును వివరించబోయిన ఊహకు ఒక ముసలి పాదం కింద చోటు దొరకడం చిన్న విషయం కాదు.