చెవులకు చూపు నిచ్చినవారు

పత్రికకు ఆటను గూర్చి వ్రాయువానికి ఆట ముగిసిన పిదప కొంత తీరిక చిక్కును; వ్రాసిన పంక్తి నచ్చనిచో కొట్టివేయవచ్చును. మైక్రోఫోను ముందు కూర్చున్న వ్యాఖ్యాతకు ఆ రెండు సౌకర్యములును లేవు. బంతితోపాటు మాటయు పరుగెత్తవలెను. ఇట్టి కష్టమైన విద్యతో మా బాల్యమును వెలిగించినవారిని, వారికి దారి చూపిన పెద్దలను తలచుకొనుట మా విధి.

ఆ పెద్దలలో ముందుగా చెప్పదగినవారు ఎ.ఎఫ్.ఎస్. తలయార్‌ఖాన్. 1934లో బొంబాయిలో పార్సీలకును ముస్లిములకును జరిగిన క్రికెట్ పోటీకి ఆయన వ్యాఖ్యానము చెప్పిరి. ఆల్ ఇండియా రేడియో అను పేరైనను అప్పటికి పుట్టలేదు. అది 1936లో వచ్చినది. భోజనమునకును తేనీటికిని తప్ప విరామము లేక, దినమంతయు ఆయన ఒక్కరే మాట్లాడుచుండెడివారు. మైకును ఇతరులతో పంచుకొనుట ఆయనకు గిట్టెడిది కాదు. 1948–49లో వెస్టిండీస్ జట్టు వచ్చినపుడు ముగ్గురు వ్యాఖ్యాతలుండవలెనని రేడియోవారు నిర్ణయింపగా ఆయన తప్పుకొనిరి. రేడియోవారి పక్షమే న్యాయమని మాకు తోచును. ఒక్క కంఠమే పలికినచో, ఆటతోపాటు ఆ కంఠము యొక్క ఇష్టానిష్టములను కూడ శ్రోత భరింపవలసినదే గదా! అయినను, అంతటి ఊపిరి ఎందరికుండును?

ఈ చరిత్రలో తెలుగుగడ్డ పేరు కూడ ఒకటి కలదు. విజయనగరము మహారాజకుమారుడు, లోకమునకు ‘విజ్జీ’, 1936లో ఇంగ్లండు పర్యటనకు నాయకుడై, లాలా అమర్‌నాథ్‌ను నడుమనే ఇంటికి పంపిన ఉదంతముతో నిందపాలయ్యెను. ఆ ఇంగ్లండులోనే, 1959లో, బి.బి.సి. వారు ఆయనను అతిథి వ్యాఖ్యాతగా మైకు ముందు కూర్చుండబెట్టిరి.

ఇక మా కాలము. 1970లలో వీధి అరుగుమీది ట్రాన్సిస్టరు చుట్టును మూగిన పిల్లలము మేము. పియర్సన్ సురీటా, అనంత్ సేతల్వాడ్, సురేశ్ సరయ్యా మాట్లాడునది ఆంగ్లము. మాకు ఆ భాష ఇంకను బడి వాచకములోనిదే. పలకపై గుండ్రముగా మైదానము గీసి, ‘కవర్’, ‘గల్లీ’, ‘మిడాన్’ అను మాటలు వినబడినపుడెల్ల అచ్చట నొక చుక్క పెట్టుచుంటిమి. అర్థము తెలియకముందే గొంతు తెలిసెను. వికెట్టు పడినదో, బంతి గీత దాటినదో స్వరపు హెచ్చుతగ్గులను బట్టియే గ్రహించుచుంటిమి.

హాకీకి అట్టి తీరిక లేదు. అందు మా ఆరాధ్యుడు జస్‌దేవ్ సింగ్. 1948లో గాంధీజీ అంతిమయాత్రను మెల్‌విల్ డి మెల్లో ఆంగ్లమున గంటల తరబడి వర్ణింపగా విని, తాను హిందీలో అట్టి వ్యాఖ్యాత కావలెనని ఆయన తలంచెనట. 1955లో జైపూర్ కేంద్రమున చేరెను. 1975 మార్చి 15న కౌలాలంపూర్‌లో భారత పాకిస్తానుల నడుమ ప్రపంచకప్పు తుదిపోటీ. మొదటి గోలు వారిది. సుర్జీత్ సింగ్ సరిచేసెను. పిమ్మట ధ్యాన్‌చంద్ కుమారుడు అశోక్ కుమార్ కొట్టిన బంతి లోపల తగిలి వెలుపలికి వచ్చెను. గోలు కాదని పాకిస్తాను ఆటగాండ్రు వాదించిరి, అంపైరు గోలనెను. ఆ తగవు సంగతి మేము తరువాత చదివి తెలిసికొంటిమి. వినుచున్నపుడు మాత్రము మాకు సందేహమే లేదు; ఆ గొంతులోని పొంగే మాకు సాక్ష్యము.