స్తూపం లోపల చోటు

ఊరి నడుమ రచ్చబండ ఉంటుంది. మన తాతలు దానిమీద కూర్చున్నవాళ్ళు కాదు, దూరంగా చేతులు కట్టుకు నిలబడ్డవాళ్ళు. అందుకే వాడలో కమ్యూనిటీ హాలు లేవడం మనకు చిన్న సంగతి కాదు. కానీ ఆ గోడలు ఏం చెప్పాలి, ఎవరు చెప్పించాలి అన్నది మనం పెద్దగా పట్టించుకోలేదు. నాగపూర్ దీక్షాభూమి చరిత్రలో దీనికి కొంత జవాబుంది.

1956 అక్టోబర్ 14న బాబాసాహెబ్ అంబేద్కర్ లక్షలాది జనంతో అక్కడ బౌద్ధం స్వీకరించారు. ఆర్.ఎస్.ఎస్. ఉన్న ఊరు కాబట్టే నాగపూర్‌ను ఎంచుకున్నారని కొందరన్నారు. అది కాదని మర్నాటి ఉపన్యాసంలోనే ఆయన తేల్చేశారు. బౌద్ధాన్ని వ్యాపింపజేసింది నాగులని, ఈ ఊళ్ళో పారే నాగ నది వాళ్ళ పేరే మోస్తోందని చెప్పారు. అంటే రాయి పడకముందే ఆ నేలకు ఒక అర్థం పడింది.

వాస్తుశిల్పి శివదాన్ మల్ సాంచీ నమూనాలో గీసిన ఆ స్తూపాన్ని 2001 డిసెంబర్ 18న రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ప్రారంభించారు. పాత స్తూపం లోపలంతా నిండుగా ఉంటుంది, జనం చుట్టూ తిరగాల్సిందే. దీక్షాభూమిలో మాత్రం లోపలికి పోయి కూర్చోవచ్చు. నాలుగు దిక్కులా ద్వారాలే. గుడి గడప బయట నిలబెట్టిన జనానికి ఇంతకంటే సూటైన ప్రతీక ఏముంటుంది?

ఆ చోటు తమదేనని జనం మరోసారి చెప్పారు. అక్కడ భూగర్భ పార్కింగ్ తవ్వుతుంటే స్తూపానికి ముప్పని 2024 జూలై 1న వేలాదిగా వచ్చి అడ్డుకున్నారు. ప్రభుత్వం పని ఆపింది.

మనం రూపం కోసం సాంచీ దాకా పోనక్కర్లేదు. అమరావతి, నాగార్జునకొండ స్తూపాలకు నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలుండేవి. బుద్ధుని జీవితంలోని అయిదు ఘట్టాలకు అవి గుర్తులంటారు. ఇది ఆంధ్ర స్తూపాల ప్రత్యేకత. మన వాడ చరిత్రకు అయిదు స్తంభాలు నిలపాలంటే ఏ అయిదు ఘట్టాలు ఎంచుకుంటాం?

ఇప్పటి అంబేద్కర్ భవనాలు చాలాచోట్ల ఒకే డబ్బా. స్లాబు, నీలం రంగు, పైన పేరు. ప్లాను ఆఫీసులో తయారవుతుంది, కాంట్రాక్టరు కట్టేసి పోతాడు. డప్పులా గుండ్రంగా కడదామని ఒకరంటే, చావుకు కొట్టించిన డప్పును మళ్ళీ మన నెత్తికెత్తుతారా అని ఇంకొకరు నిలదీస్తారు. ఇద్దరి మాటలోనూ చరిత్ర ఉంది. 1994లో మొదలైన దండోరా ఉద్యమం అదే డప్పును ఆత్మగౌరవానికి గుర్తు చేసింది. ఈ వాదన ఇంజనీరు తీర్చేది కాదు.

కనుక గీత గీయకముందే వాడంతా కూర్చోవాలి. ఆడవాళ్ళు ముందు వరసలో కూర్చోవాలి. రచ్చబండ దగ్గర మనకు దక్కనిది ఆ కూర్చోవడమే కదా.