విశాఖపట్నం పౌర విమానయానం: రేవు నేలపై రన్‌వే

ఉపోద్ఘాతం

విశాఖపట్నం ఆధునిక చరిత్రను ఓడరేవు, రైలుమార్గం, ఉక్కు కర్మాగారం ఆధారంగా వివరించడం పరిపాటి. విమానాశ్రయ ప్రస్తావన వాటి చివర క్లుప్తంగా వస్తుంది. కానీ ఈ నగర పౌర విమానయాన పరిమితులకు మూలం రేవు చరిత్రలోనే ఉంది. ఓడలకు అనుకూలించిన భౌగోళిక స్థితే విమానాలకు అవరోధమైంది.

రేవు, రక్షణ

డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున, మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చిత్తడి నేలను తవ్వి నిర్మించిన ఓడరేవు 1933లో ప్రారంభమైంది. కొండల మధ్య ఒదిగిన ఈ రేవు సైనికంగానూ కీలకమైంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేయడం ఆ ప్రాధాన్యానికి నిదర్శనం. 1968లో ఇక్కడ తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడింది. నౌకాదళ వైమానిక స్థావరం ఐ.ఎన్.ఎస్. డేగ 1991లో జాతికి అందింది.

స్థావరంలో పౌర విభాగం

నేటి పౌర విమానాశ్రయం 1981లో, ఆరువేల అడుగుల రన్‌వేపై, రోజుకు ఒక్క విమానంతో మొదలైంది. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారు. 1994లో ప్రభుత్వ విమాన సంస్థల గుత్తాధిపత్యం చట్టపరంగా తొలగింది. పారిశ్రామిక నగరపు అవసరం, ప్రైవేటు సంస్థల రాక కలిసి ప్రయాణాలను పెంచాయి. 2007లో పదివేల అడుగుల కొత్త రన్‌వే, 2009లో కొత్త టెర్మినల్ అందుబాటులోకి వచ్చాయి.

అయినా రన్‌వే నౌకాదళానిదే. నౌకాదళ శిక్షణకు, విన్యాసాలకు కేటాయించిన వేళలు పోగా మిగిలిన సమయంలోనే పౌర విమానాలు నడవాలి. తరచూ ప్రయాణించేవారికి అనువైన వేళల్లో విమానాలు పెంచాలన్నా సంస్థలకు ఆ వేళలు దొరకవు. చుట్టూ ఉన్న కొండలు విమానాల రాకపోకల మార్గాలను పరిమితం చేస్తాయి. నేల పల్లం కావడంతో వరద ముప్పు ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను టెర్మినల్‌ను తీవ్రంగా దెబ్బతీసి రాకపోకలను కొన్ని రోజులు స్తంభింపజేసింది.

భోగాపురం: లాభం, మూల్యం

2014 రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టం విశాఖ విమానాశ్రయాన్ని అంతర్జాతీయ ప్రమాణాలకు విస్తరించే అంశాన్ని ప్రస్తావించింది. ఆచరణలో విస్తరణ వేరేచోట నిర్మాణంగా మారింది. విజయనగరం జిల్లా భోగాపురంలో తొలుత ప్రతిపాదించిన విస్తీర్ణం రైతుల నిరసనల అనంతరం తగ్గింది. చివరకు సుమారు 2,200 ఎకరాల్లో అల్లూరి సీతారామరాజు పేరిట నిర్మాణం చేపట్టారు. గోవాలో 2023లో మోపా ప్రారంభమైనా, నౌకాదళ స్థావరమైన దబోలింలో పౌర విమానాలు కొనసాగాయి. విశాఖలో మాత్రం షెడ్యూల్డ్ విమానాలన్నింటినీ కొత్తచోటికి తరలించాలన్నది ప్రణాళిక.

ముగింపు

ఈ తరలింపుతో పౌర విమానయానానికి రన్‌వే వేళలపై స్వేచ్ఛ లభిస్తుంది. నగరవాసికి మాత్రం ఊళ్లోని విమానాశ్రయం దూరమవుతుంది. గాజువాక, ఉక్కునగరం వంటి దక్షిణ ప్రాంతాలవారు నగరమంతా దాటి ఉత్తరానికి వెళ్లాలి. గంటసేపటి హైదరాబాదు విమానానికి అంతకు మించిన రోడ్డు ప్రయాణం తోడైతే, ఆదా అయ్యే కాలం ఎంతో లెక్క వేయవలసి వస్తుంది. రేవును ఎంచుకున్నప్పుడు నేల స్వభావమే నగర భవితను నిర్ణయించింది. భోగాపురం విషయంలో ఆ నిర్ణయం రహదారి, రైలు అనుసంధానాలపైన, భూములిచ్చిన గ్రామాలకు దక్కే వాటాపైన ఆధారపడుతుంది.