మొత్తమూ, నెలసరీ: ఒక పింఛను సంచీ చరిత్ర

చోడవరంలో మా మేనమామ ఇంట్లో, దేవుడి పటం పక్కనున్న మేకుకు ఒక గుడ్డ సంచీ వేలాడుతూ ఉండేది. అందులో బ్యాంకు పాసుబుక్కు, పింఛను ఉత్తర్వు, రంగు వెలిసిన ప్రావిడెంటు ఫండు చీటీలు కొన్ని. ఏటా నవంబరులో ఆ సంచీ చంకన పెట్టుకొని, తాను ఇంకా జీవించే ఉన్నానని నిరూపించుకోవడానికి బ్యాంకుకు వెళ్ళేవాడు. "బతికున్నోడికి బతికున్నట్టు కాయితం కావాలంటరా" అని నవ్వేవాడు.

చెరకు పండే సీమ మాది. బెల్లానికి అనకాపల్లి, పంచదారకు గోవాడ సహకార కర్మాగారం పేరు చెప్పుకునే ప్రాంతం. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లాలో కలిసింది గాని, మావయ్య కాగితాలన్నిటిమీదా ఉన్నది విశాఖపట్నం జిల్లాయే. ఆయన ఈ చుట్టుపక్కలి ఒక పంచదార మిల్లులో సీజను కార్మికుడు. గానుగాట సాగినన్నాళ్ళూ మూడు షిఫ్టుల పని, తరువాత మళ్ళీ చెరకు బళ్ళు వచ్చేదాకా ఎదురుచూపు. ఇటీవల ఆ సంచీ నా చేతికి వచ్చింది. కాగితాలను తేదీల వారీగా పేర్చి చూస్తే, అది ఒక్క మనిషి కథగా అనిపించలేదు. శ్రామికుడి వృద్ధాప్యాన్ని గురించి ఈ దేశం నేర్చుకున్నదీ, నేర్చుకోనిదీ అందులోనే కనిపించింది.

ప్రభుత్వోద్యోగికి పింఛను మన దేశంలో పాత మాటే. 1871 నాటికే దానికొక చట్టం ఉంది. జర్మనీలో బిస్మార్క్ 1889లో కార్మికులకు వృద్ధాప్య బీమా తెచ్చాడు. మన మిల్లు కార్మికుడు మాత్రం స్వాతంత్ర్యం వచ్చేదాకా కొడుకులనూ, ఒంట్లో సత్తువనూ నమ్ముకొని బతకవలసి వచ్చింది. 1952లో ప్రావిడెంటు ఫండు చట్టం వచ్చింది. ఆ పథకం ఆ ఏడాది నవంబరు 1న అమలులోకి వచ్చేనాటికి కేంద్ర కార్మికమంత్రి మన వి.వి.గిరి. మొదట సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు, ఇనుము-ఉక్కు, కాగితం, జౌళి అనే ఆరు పరిశ్రమలకే వర్తించింది. పంచదార తరువాత చేరింది. నాటి చందా నూటికి ఆరుంబావు, అంటే రూపాయికి ఒక అణా. కార్మికుడిది ఒక అణా, యజమానిది ఒక అణా.

ఆలోచన గొప్పదే. కాని ఆ అణాలన్నీ పోగై చివరికి ఒకేసారి ఒక మొత్తంగా చేతికి వస్తాయి. మన ఇళ్ళలో పెద్ద మొత్తానికి ముందే పేరు రాసిపెట్టి ఉంటుంది: కూతురి పెళ్ళి, ఇంటి కప్పు, పాత అప్పు. మావయ్య సొమ్ము పెద్దమ్మాయి పెళ్ళికీ, పెంకుటింటిని డాబా చేయడానికీ సరిపోయింది. దానిని దుబారా అనలేను. ఆ డాబా కిందే ఆయన ముసలితనం గడిచింది. కాని డాబా నెలనెలా బియ్యం తెచ్చిపెట్టదు కదా.

ఈ లోపాన్ని ప్రభుత్వం ఆలస్యంగా గుర్తించింది. 1971లో కార్మికుడు మరణిస్తే కుటుంబానికి పింఛను ఏర్పాటు చేశారు. 1995 నవంబరు 16 నుంచి కార్మికుడికే నెలసరి పింఛను వచ్చింది. యజమాని చందాలో నూటికి 8.33 వంతు ఈ నిధికి మళ్ళుతుంది, కేంద్రం 1.16 వంతు కలుపుతుంది. లెక్క సులువైనది: జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. 35 ఏళ్ళు పనిచేస్తే సగం జీతం వస్తుందన్నమాట. సీజను కార్మికుడికి ఇందులో ఒక న్యాయం జరిగింది. ఏడాదిలో కొన్ని నెలలే పనిచేసినా దానిని పూర్తి సంవత్సరంగానే లెక్కించమన్నారు. మా సీమకు అది చిన్న విషయం కాదు.

మెలిక "జీతం" అన్న మాటలో ఉంది. అది చేతికొచ్చే జీతం కాదు, పరిమితికి లోబడిన జీతం. ఆ పరిమితి తొలుత 5,000 రూపాయలు, 2001లో 6,500, 2014 సెప్టెంబరులో 15,000 అయింది. పైగా పథకం పుట్టింది 1995లో గనుక, అంతకుముందు ఏళ్ళకు దక్కినది నామమాత్రమైన మొత్తమే. 2003లో 58 ఏళ్ళకు విరమించిన మావయ్యకు తేలిన పింఛను పన్నెండు వందలు.

అందులోనూ ఆయన మూడోవంతు అమ్ముకున్నాడు. అప్పట్లో దానికి వీలుండేది. నెలకు వదులుకున్న ప్రతి రూపాయికీ నూరు రూపాయలు ఒకేసారి ఇచ్చేవారు. నాలుగు వందలు వదులుకుంటే నలభై వేలు వచ్చింది, రెండో అమ్మాయి పెళ్ళి జరిగింది. మిగిలినది ఎనిమిది వందలు. ఏడాదికి 4,800 పోగొట్టుకొని 40,000 తెచ్చుకోవడమంటే, నూటికి పన్నెండు వడ్డీకి అసలు తీరని అప్పు చేసినట్టే. ప్రభుత్వోద్యోగులకైతే అలా అమ్ముకున్న భాగాన్ని పదిహేనేళ్ళకు తిరిగి ఇస్తారు. ఈ పథకంలో ఆ మాటే లేదు. 2008 సెప్టెంబరులో అమ్ముకునే సదుపాయాన్నే తీసివేశారు. అంతకుముందు అమ్ముకున్నవారికి పదిహేనేళ్ళ తరువాత పూర్తి పింఛను పునరుద్ధరిస్తూ 2020 ఫిబ్రవరిలో ఉత్తర్వు వచ్చింది. అప్పటికి మావయ్యకు 75 ఏళ్ళు. పాసుబుక్కులో మళ్ళీ 1,200 పడిన రోజున, పెరిగిందనుకొని సంబరపడ్డాడు. పదిహేడేళ్ళ కిందటి అంకె అది. ఆ సంగతి ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మొత్తాన్ని నెలసరిగా మార్చే విద్య ప్రపంచానికి కొత్తది కాదు. ఐరోపా నగరాలు ఒక మొత్తం పుచ్చుకొని, ఇచ్చినవాడు బతికినంతకాలం ఏటా ఇంత అని చెల్లించేవి. ఎంత చెల్లిస్తే న్యాయమో 1671లో హాలెండులో యోహాన్ డి విట్ లెక్కగట్టాడు. 1693లో ఎడ్మండ్ హాలీ, తోకచుక్కకు పేరిచ్చిన ఆ హాలీయే, బ్రెస్లావ్ నగరపు జననమరణాల పట్టికతో ఆ లెక్కను స్థిరపరిచాడు. దీని కిటుకు ఒక్కటే: తొందరగా పోయినవారి సొమ్ము ఎక్కువకాలం బతికినవారికి అన్నమవుతుంది. ఆన్యుటీ అంటే ఇంతే. మన జీవిత బీమా సంస్థ జీవన్ అక్షయ్ పేరుతో అమ్మినదీ ఇదే. అసలు వారసులకు తిరిగి రావాలని కోరుకుంటే నెలసరి తగ్గుతుంది, వద్దనుకుంటే పెరుగుతుంది.

2004 సెప్టెంబరు 1 తరువాత మన రాష్ట్రంలో ఉద్యోగంలో చేరినవారిని కొత్త పింఛను విధానంలోకి మార్చారు. కూడిన సొమ్ములో కనీసం నూటికి 40 వంతులతో ఆన్యుటీ కొనాలన్నది అందులోని నియమం. ఆ తేదీకి అటూ ఇటూ చేరిన ఉపాధ్యాయులు ఒకే స్టాఫు రూములో పక్కపక్కన కూర్చున్నారు. వారి ముసలితనాలు మాత్రం వేరైపోయాయి. ఒకరి పింఛను కరువుభత్యంతో పెరుగుతుంది, మరొకరిది కొన్ననాటి అంకె దగ్గరే నిలిచిపోవచ్చు. 2023లో రాష్ట్రం హామీ పింఛను చట్టం చేసిందీ ఈ అసంతృప్తి వల్లనే.

ఈ సంచీ నాకు నేర్పిన పాఠం ఇది. మొత్తం నిలవదు, నెలసరి నిలుస్తుంది. కాని నిలిచిన నెలసరి కూడా ధరల ముందు కరుగుతుంది. ఏటా నూటికి ఆరు చొప్పున ధరలు పెరిగితే పన్నెండేళ్ళలో రూపాయి అర్ధరూపాయి అవుతుంది. కనుక ఉద్యోగం మారినప్పుడల్లా పింఛను సొమ్ము తీసేసుకోకుండా పదేళ్ళ సర్వీసు నిలుపుకోవాలి. చేతికొచ్చిన మొత్తంలో బియ్యానికీ, మందులకూ సరిపడే భాగాన్ని పెళ్ళిళ్ళకంటే ముందే నెలసరిగా మార్చాలి. అంతా ఆన్యుటీలో పోయకుండా కొంత, వడ్డీ రేటు మారినప్పుడు తిరిగి వేసుకునే వీలుతో, పోస్టాఫీసు వృద్ధుల పొదుపు పథకంలాంటి చోట ఉంచాలి. భార్యకు ఏమి మిగులుతుందో ముందే చూసుకోవాలి.

మావయ్య పోయాక అత్తయ్యకు పింఛను వస్తోంది. ఆ సంచీ అదే మేకుకు వేలాడుతోంది. నిరుడు నవంబరులో తోడు వెళ్ళాను. యంత్రం మీద వేలు పెట్టి, పచ్చదీపం వెలిగేదాకా ఊపిరి బిగబట్టి నిలుచుంది. వెలిగాక నా వైపు తిరిగి, "ఉన్నానట్రా" అంది.