అధిక ఎంట్రోపీ మిశ్రమ లోహాలు: బలం, సాగే గుణం కోసం సాగిన అన్వేషణ

ప్రధాన లోహం అంటూ ఒకటి లేకుండా, సాధారణంగా ఐదు లేదా అంతకన్నా ఎక్కువ మూలకాలను దగ్గరదగ్గర పాళ్లలో కరిగించి చేసే లోహాలివి. ఉక్కులో పెద్ద వాటా ఇనుముది, ఇత్తడిలో రాగిది. పంచలోహ విగ్రహాల్లోనూ పేరుకు ఐదు లోహాలున్నా ఎక్కువ భాగం రాగే. ఇక్కడ మాత్రం సాధారణంగా ఒక్కో ముఖ్య మూలకం పరమాణువుల లెక్కన 5 నుంచి 35 శాతం దాకా ఉంటుంది.

రాగి రేకును బిందెగా మలిచే కంచరి సుత్తితో కొట్టేకొద్దీ రేకు బిగుసుకుపోతుంది. ఆపకుండా కొడితే అంచు పగులుతుంది. అందుకే మధ్యమధ్యలో దాన్ని కొలిమిలో కాల్చి మెత్తబరుస్తాడు. స్ఫటికంలో పరమాణు వరుసలు జారడానికి దోవ ఇచ్చే లోపాలను డిస్‌లొకేషన్లు అంటారు. అవి తేలిగ్గా కదిలితే లోహం సాగుతుంది, వాటికి అడ్డు తగిలితే గట్టిపడుతుంది. బలం పెరిగితే సాగే గుణం తగ్గడం లోహశాస్త్రంలో పాత చిక్కు. ఈ లోహాల చరిత్ర చాలావరకు ఆ చిక్కును విప్పే ప్రయత్నమే.

బ్రిటన్‌లో బ్రయాన్ కాంటర్ బృందం ఇరవై మూలకాలను తలా 5 శాతం చొప్పున కలిపి చూస్తే పెళుసు ముద్ద తయారైంది. అయితే క్రోమియం, మాంగనీస్, ఇనుము, కోబాల్ట్, నికెల్ ఐదింటినీ సమానంగా కలిపినప్పుడు ఒకే స్ఫటిక నిర్మాణం ఏర్పడింది. ఈ ఫలితం 2004లో అచ్చయింది. అదే ఏడాది తైవాన్‌కు చెందిన జియెన్-వెయ్ యే విడిగా ఇలాంటి లోహాల గురించి రాసి, ‘అధిక ఎంట్రోపీ’ అన్న పేరు పెట్టారు. మూలకాలు పెరిగితే కలయికలోని ఎంట్రోపీ, అంటే అస్తవ్యస్తత, పెరిగి ఒకే ఘన ద్రావణం నిలుస్తుందన్నది ఆయన వాదన. బెంగళూరు ఐఐఎస్‌సీ ఆచార్యుడు ఎస్. రంగనాథన్ అంతకు ఏడాది ముందే, 2003లో, ‘కరెంట్ సైన్స్’ పత్రికలో బహుళ లోహ మిశ్రమాల మీద రాశారు.

కాంటర్ బృందం చేసిన ఐదు మూలకాల లోహం అసలు విలువ 2014లో తెలిసింది. చలికి చాలా లోహాలు పెళుసెక్కుతాయి. ద్రవ నైట్రోజన్ చలిలో, అంటే సుమారు మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఇది ఇంకా బలపడింది, ఇంకా ఎక్కువ సాగింది కూడా. ఆ చలిలో వంగేటప్పుడు స్ఫటికంలో నానోమీటర్ల మందంతో కవల పొరలు పుట్టి డిస్‌లొకేషన్లకు అడ్డుపడతాయి. కొత్త అడ్డంకులు పుడుతూ ఉండటంతో సాగుడు ఒకచోటే పోగుపడి లోహం అక్కడే సన్నబడి తెగిపోదు.

కానీ గది ఉష్ణోగ్రతలో ఆ లోహం అంత బలమైనది కాదు. 2016లో జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్‌లో జీమింగ్ లీ, డీర్క్ రాబే బృందం సమపాళ్ల నియమాన్ని పక్కనపెట్టింది. ఇనుము 50, మాంగనీస్ 30, కోబాల్ట్ 10, క్రోమియం 10 శాతంగా కలిపి, స్ఫటికాన్ని కావాలనే అస్థిరంగా ఉంచింది. లాగినప్పుడు అందులో కొంత భాగం వేరే స్ఫటిక రూపంలోకి మారి, మారిన చోటల్లా గట్టిపడింది. బలం, సాగే గుణం రెండూ పెరిగాయి. ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే. ఎంట్రోపీ పేరు అలాగే మిగిలింది గానీ, పరిశోధకుల దృష్టి లోపలి నిర్మాణం మీదకు మళ్లింది.

2018లో చైనా శాస్త్రవేత్తలు టైటానియం, జిర్కోనియం, హాఫ్నియం, నయోబియం మిశ్రమంలో 2 శాతం ఆక్సిజన్ పరమాణువులు చేర్చారు. టైటానియంలో ఆక్సిజన్ ఎక్కువైతే పెళుసుదనం వస్తుందని ఇంజినీర్లు భయపడతారు. ఇక్కడ అది క్రమబద్ధమైన చిన్న గుంపులుగా చేరి, బలాన్ని 48 శాతానికి పైగా, సాగే గుణాన్ని 95 శాతం దాకా పెంచింది.

మరోవైపు, గట్టి పొర, మెత్తటి పొర ఒకదాని పక్కన ఒకటి పేరుకునే అల్యూమినియం-కోబాల్ట్-క్రోమియం-ఇనుము-నికెల్ యూటెక్టిక్ లోహాన్ని 2014లో చైనాలోని దాలియన్‌లో రూపొందించారు. దాన్ని అతిచలిలో రోలింగ్ చేసి, ఆపై వేడిచేసి, రెండు గుణాలనూ పెంచిన పనిలో సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులకూ భాగముంది. ఈ లోహాల మీద 2014లో యే, రంగనాథన్‌లతో కలిసి పుస్తకం రాసిన బి.ఎస్. మూర్తి 2019లో ఆ సంస్థకే డైరెక్టర్‌గా వచ్చారు. అదే యూటెక్టిక్ లోహపు పొడిని 2022లో అమెరికాలో లేజర్‌తో పొరలుపొరలుగా కరిగించి త్రీడీ ముద్రణ చేశారు. క్షణాల్లో చల్లబడటంతో పొరలు నానోమీటర్ల మందానికి దిగాయి. దాదాపు 1.3 గిగాపాస్కల్ ఒత్తిడి దాకా శాశ్వతంగా వంగని ఆ లోహం, తెగడానికి ముందు 14 శాతం మేర అంతటా సమంగా సాగింది.