మేడ్చల్ టీకాకు మస్కట్ పెట్టుబడి

కౌకూర్ చుట్టుపక్కల వాళ్లకు దేశరక్షణ అంటే బొల్లారం కంటోన్మెంటు, హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్. అక్కడికి ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేటల్లో తయారయ్యే టీకా సీసాలను ఆ లెక్కలో ఎవరూ వేయరు. కానీ 2020 డిసెంబర్ 9న 60 మందికి పైగా విదేశీ దౌత్యవేత్తలు ఢిల్లీ నుంచి హైదరాబాద్ వచ్చింది అక్కడి కోవిడ్ టీకాల సంగతి కనుక్కోవడానికే.

ఇక్కడి టీకాల కథకు మూలం 1992లో జెనీవాలో జరిగిన ఒక సదస్సు. దానికి వెళ్లిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, జీవశాస్త్రం ఆయన చదువు కాదు. కాలేయాన్ని తినేసే హెపటైటిస్-బి గురించి అక్కడ విన్నారు. టీకా ఉంది, దిగుమతి ధర మాత్రం డోసుకు వందల రూపాయలు. దాని తయారీ పరిజ్ఞానం అమ్ముతారా అని విదేశీ కంపెనీని అడిగితే, కొన్నా మీ శాస్త్రవేత్తలకు అది అర్థం కాదన్న ధోరణిలో జవాబొచ్చిందని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పారు. మాట పడ్డవాడికి పౌరుషం వస్తుంది సరే, పౌరుషానికి బ్యాంకు అప్పివ్వదు కదా! 1993లో తల్లి పేరుతో శాంతా బయోటెక్నిక్స్ పెట్టాక పెద్ద పెట్టుబడి ఒమన్ నుంచి వచ్చింది. ఇచ్చింది ఆ దేశ అప్పటి విదేశీ వ్యవహారాల మంత్రి యూసుఫ్ బిన్ అలావీ.

పరిశోధన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోనూ సాగింది. పాత పద్ధతిలో రోగుల రక్తం నుంచి టీకా తీసేవారు. కొత్త పద్ధతిలో వైరస్ పైపొరలోని ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువును ఈస్ట్ కణంలో పెడతారు. ఈస్ట్ పెరిగేకొద్దీ ఆ ప్రొటీన్ తయారవుతుంది. దాన్ని శుద్ధి చేస్తే టీకా. వైరస్‌తో పనే ఉండదు. 1997 ఆగస్టులో మేడ్చల్‌లో తయారైన శాంతా టీకా, శాన్‌వ్యాక్-బి, బజారులోకి వచ్చింది, డోసు 50 రూపాయల దగ్గర. పోటీదారుల ధరలూ దిగక తప్పలేదు.

పౌరుషంతో పుట్టిన ఆ కంపెనీని చివరికి 2009లో ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ కొనుక్కుంది. కొందరికి అది చేదుగానే తోచింది. నా మటుకు కంపెనీ పోయినా విద్య పోలేదనిపిస్తుంది. ఒకప్పుడు అర్థం కాదన్న పని తెలిసినవాళ్లు ఇక్కడ వందల్లో తయారయ్యారు. 1996లో మొదలైన భారత్ బయోటెక్ శామీర్‌పేట దగ్గర తుర్కపల్లిలో స్థిరపడింది. చుట్టూ టీకా, మందుల కంపెనీల కేంద్రం జీనోమ్ వ్యాలీ పెరిగింది.

కోవిడ్ వచ్చాక ఈ విద్య ఒక్కసారిగా విదేశాంగ శాఖ సరుకైంది. 2021 జనవరి 20న ఇతర దేశాలకు టీకాలు పంపే ‘వ్యాక్సిన్ మైత్రి’ మొదలైంది. మార్చి 12న అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, భారత్ కలిసిన క్వాడ్ శిఖరాగ్ర సమావేశం హైదరాబాద్‌లోని బయోలాజికల్-ఇ మీద భారం వేసింది: 2022 చివరికి 100 కోట్ల డోసులు. చైనా టీకాలు దేశదేశాలకూ వెళ్తున్న రోజులవి, ఆ అంకె ఎవరికి వినిపించాలని చెప్పారో వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఈ బలానికి లొసుగులూ ఉన్నాయి. కొరియా యుద్ధ కాలంలో 1950లో చేసిన, సరఫరాల్లో స్వదేశీ అవసరాలకే ముందు చోటిచ్చే చట్టాన్ని అమెరికా ప్రయోగిస్తే, టీకా తయారీకి కావలసిన ప్లాస్టిక్ సంచులు, ఫిల్టర్లు దొరకడం లేదని ఇక్కడి తయారీదారులు మొత్తుకున్నారు. భారత్ బయోటెక్ కోవిడ్ టీకా కోవాగ్జిన్‌కు వైరస్ పుణె నుంచి వచ్చినా, దాని శక్తి పెంచే సహాయక పదార్థం అమెరికాలో కనిపెట్టిందే. రెండో అల ముంచుకొచ్చాక మనమూ ఎగుమతులు ఆపేశాం. మన టీకాను నమ్ముకున్న చిన్న దేశాలు దిక్కులు చూశాయి. ఇంటివాళ్లకే లేనప్పుడు పొరుగుకు పెట్టమనడం కష్టమే, కానీ ఆ నెలల్లో పోయిన నమ్మకం చిన్నది కాదు.

కోవాగ్జిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు 2021 నవంబర్ 3న గానీ రాలేదు. ఐదు రోజులకు, నవంబర్ 8న, అలా గుర్తింపు పొందిన టీకాలు వేసుకున్నవాళ్లకు అమెరికా తలుపులు తెరిచింది. తుర్కపల్లి టీకా వేసుకుని డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవల కోసం ఎదురుచూస్తున్న తల్లిదండ్రులు అప్పుడే టికెట్లు కొనుక్కున్నారు.