జాబితాలో లేని టీచర్లు

ఈ సంచిక కోసం, మన బడిలో చదివి ఉపాధ్యాయులైన వారి జాబితా రాసే పని నాకు అప్పగించారు. బ్యాచ్‌ల వారీగా రాస్తూ పోతే ఐదు పేజీలు నిండాయి. సంబరంగా తీసుకెళ్లి మా 1983 బ్యాచ్ మిత్రురాలికి చూపించాను. ఆమె తొర్రూరు దగ్గరి పల్లెలో అంగన్‌వాడీ టీచర్. చివరిదాకా చూసి "మా పేర్లు లేవేంది సార్?" అంది. నాకు మాట రాలేదు. "పోనీ తీయ్. మీరు బడి సార్లు, మమ్మల్ని గుడ్ల టీచర్లంటరు గదా" అని నవ్వింది.

ఆ రాత్రి మా ఇద్దరి దారులూ ఎక్కడ చీలాయో ఆలోచించాను.

ఇంటర్ అయ్యాక నేను రాయపర్తి, వర్ధన్నపేటల మీదుగా హనుమకొండ వెళ్లి టీచర్ ట్రైనింగ్ చేశాను. పాఠ్యపథకాలు, చార్టులు, వెనక బెంచీలో కూర్చుని తప్పులు రాసుకునే మాస్టారు. తర్వాత నెలకు 398 రూపాయల స్పెషల్ టీచర్‌ని. '398 టీచర్లు' అనే పేరు ఉమ్మడి రాష్ట్రంలో ఎంతగా స్థిరపడిందంటే, స్కేలు వచ్చాక కూడా మమ్మల్ని అలాగే పిలిచేవారు. ఆ సర్వీసుకు నోషనల్ ఇంక్రిమెంట్ల కోసం సంఘాలు ఎన్నేళ్లు తిరిగాయో నా తోటివారికి చెప్పనక్కర్లేదు.

మా వృత్తికి మాత్రం ఏటేటా గట్టి పునాది పడుతూ వచ్చింది. 1986 జాతీయ విద్యా విధానంతో జిల్లాకో డైట్ వచ్చింది. ఉమ్మడి వరంగల్‌కు అది హనుమకొండలోనే. 1993లో ఎన్‌సీటీఈ చట్టం, 2010లో విద్యాహక్కు చట్టం అమలు, 2011లో మన దగ్గర మొదటి టెట్. చివరికి 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు, ఒకటి నుంచి ఐదు తరగతులకు బీఈడీ చాలదు, ప్రాథమిక విద్యలో డిప్లొమానే కావాలంది. చిన్నపిల్లలకు చెప్పడం వేరే విద్య అని అంత పెద్ద కోర్టు ఒప్పుకుందని సంతోషించాను.

కానీ విద్యాహక్కు ఆరేళ్ల నుంచే మొదలవుతుంది. ఆ లోపు పిల్లలు ఎవరి చేతుల్లో ఉన్నారు?

1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ మొదలైంది. పదో తరగతి చదివిన స్థానిక వివాహిత అయితే చాలన్నది మన దగ్గర చాలాకాలం నియమం. కొద్దిపాటి శిక్షణ, ఆపైన సెంటరు. నా మిత్రురాలు పొద్దున పిల్లల్ని బరువు తూస్తుంది, రిజిస్టర్లు నింపుతుంది, టీకాలకు తల్లుల్ని పిలుస్తుంది. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు ఒకపూట భోజనం కూడా పెట్టాలి. మధ్యలో దొరికిన కాసింతసేపు ఆటపాటలు, అక్షరాలు. నాకు పాఠం ఒక్కటే పని. ఆమెకు అన్ని పనుల్లో పాఠం ఒకటి. అయినా జీతం నాది, గౌరవవేతనం ఆమెది.

2020 విద్యా విధానం అంగన్‌వాడీ టీచర్లకు, ఇంటర్ చదివితే ఆరు నెలల సర్టిఫికెట్, అంతకు తక్కువైతే ఏడాది డిప్లొమా అంది. ఇప్పుడు డీసెట్‌తో పూర్వ ప్రాథమిక విద్యలో డిప్లొమా చేసే వీలూ ఉంది. మంచిదే. మొదటి నలభై అయిదేళ్లు ఈ మాట ఎవరికీ తోచలేదెందుకో! నాకూ తోచలేదు మరి, పక్కనే బడి నడుపుతూ కూడా. మా ఒకటో తరగతికి వచ్చి ఏడవకుండా కూర్చున్న పిల్లలంతా ఆమె కూర్చోబెట్టడం నేర్పినవాళ్లే.

మర్నాడు ఫోన్ చేసి, మన బడి నుంచి వెళ్లిన అంగన్‌వాడీ టీచర్ల పేర్లు చెప్పమన్నాను. అత్తగారి ఊళ్లతో సహా పదకొండు పేర్లు చెప్పింది. కాస్త ఆగి, "ఆయాలుగా చేసేటోళ్లు కూడా ఇద్దరున్నరు సార్, మన బడోళ్లే. రాస్తరా?" అంది.

రాసుకున్నాను. ఆరో పేజీ చూడండి.